వైకల్య పింఛను కాదన్నారా? పాత కాగితాలు పారేయకండి

మాజీ సైనికుల ఇళ్లలో బీపీ, షుగరు చీటీల పక్కనే ఒక పాత ఉత్తరం కూడా ఉంటుంది. ‘ఈ జబ్బు సైనిక సేవ వల్ల వచ్చింది కాదు, సేవ వల్ల ముదిరిందీ కాదు’ అన్నది దాని సారాంశం. అది చూసి వెంకటగిరికోట, పుంగనూరు వైపు చాలామంది వైకల్య పింఛను మీద ఆశ వదిలేసుకుంటారు. కానీ ఆ ఉత్తరమే ఆఖరి మాట కాదు.

ధరమ్‌వీర్ సింగ్ 1985లో సైన్యంలో చేరారు. మూర్ఛ జబ్బు కారణంగా 1994లో ఆయన్ను ఇంటికి పంపారు. వైకల్యం 20 శాతమని తేల్చినా పింఛను ఇవ్వలేదు. 2013లో సుప్రీంకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చింది. చేరినప్పటి పరీక్షలో లేని జబ్బు సేవలోనే వచ్చిందని భావించాలని, కాదంటే మెడికల్ బోర్డు కారణాలు రాయాలని చెప్పింది. రుజువు చేసే భారం సైనికుడిది కాదంది. 2025లో ఢిల్లీ హైకోర్టు ఒక షుగరు కేసులోనూ ఇదే దారిలో నడిచింది.

అయితే 2023 సెప్టెంబరు 21 తర్వాత సర్వీసు నుంచి దిగినవారికి కొత్త నిబంధనలు వర్తిస్తాయి. మీరు దిగిన తేదీ ముందు చూసుకోండి.

ఏది ఆధారం?

ఈ వారం చేయించిన షుగరు పరీక్ష జబ్బు ఇప్పుడెంత ఉందో చెబుతుంది. ఎప్పుడు మొదలైందో చెప్పదు. కాబట్టి తేదీలున్న కాగితాలే ముఖ్యం:

• చేరినప్పటి వైద్య పరీక్ష వివరాలు
• సర్వీసులో మెడికల్ కేటగిరీ తగ్గించిన పత్రం
• సైనిక ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీలు
• ఎక్కడెక్కడ పనిచేశారో తెలిపే పోస్టింగు వివరాలు
• విడుదలప్పటి మెడికల్ బోర్డు నివేదిక

మీ దగ్గర లేనివాటిని సమాచార హక్కు కింద రికార్డ్స్ ఆఫీసును అడగండి. మా వైద్యులు మీ ప్రస్తుత స్థితిని, చికిత్సను రాసివ్వగలరు. పాత తేదీ వేసి సర్టిఫికెట్ ఇమ్మని మాత్రం అడగకండి. అది మీ కేసునే దెబ్బతీస్తుంది.

ముందుగా శాఖాపరమైన అప్పీలు చేసుకోవాలి. అక్కడా కాదంటే సైనిక దళాల ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సలహా అడగండి. ఏళ్లు గడిచాయని మానుకోవద్దు, అలాగని ఇంకా ఆలస్యమూ చేయొద్దు. 2008 నాటి తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు బకాయిలను మూడేళ్లకే పరిమితం చేసింది.

చివరిగా వైద్యుడిగా ఒక మాట. బీపీ, షుగరు అదుపులో ఉంటే వైకల్య శాతం తగ్గిస్తారన్న భయంతో మాత్రలు ఆపేయకండి. పింఛను కోసం పోరాడవచ్చు. పోయిన కిడ్నీని, చూపును ఏ తీర్పూ తిరిగి తేలేదు.