తీగలు లాగిన చేతికి టార్చిలైటా?

మా చిత్తూరు వైపు పల్లెల్లో "మీవాడు ఏం చేస్తాడు?" అంటే "మిలట్రీలో ఉండాడు" అంటారు, అంతే. అక్కడ ఏం పని అని ఎవరూ అడగరు. అందరూ తుపాకీ పట్టుకునే ఉంటారని లెక్క. పూతలపట్టులో ఉండే మా మేనమామ గురించి నేనూ చాన్నాళ్లు అలానే అనుకున్నా. తీరా చూస్తే ఆయన 17 ఏళ్లు పట్టుకున్నది ఎక్కువగా కేబుల్ డ్రమ్మే!

ఆయనది సిగ్నల్స్ కోర్‌లో లైన్‌మన్ పని. 1911లో మొదలైన విభాగం అది. ఫీల్డ్ టెలిఫోను తీగలో రాగి పోగులు మాటని మోస్తాయి, వాటితో పేనిన ఉక్కు పోగులు లాగితే తెగకుండా కాపాడతాయి. బండ్లు పోయే దారి వస్తే తీగని పైనుంచి కట్టాలి, లేదా పూడ్చాలి. అర్ధరాత్రి లైను తెగితే తీగ చేత్తో పట్టుకుని, తెగిన చోటు దొరికేదాకా నడవాలి.

"ఇప్పుడంతా వైర్‌లెస్ కదా మామా, ఇంకా తీగలెందుకు?" అని ఇంజనీరింగ్ పట్టా పొగరుతో అడిగా ఒకసారి.

"గాలిలో మాట ఎవడైనా వింటాడు రా అల్లుడా. తీగలో మాట వినాలంటే తీగ దాకా రావాల" అన్నాడు.

తర్వాత చదివితే తెలిసింది, మామ చెప్పింది చరిత్రే అని. 1914 ఆగస్టులో టానెన్‌బర్గ్ యుద్ధంలో రష్యన్ల దగ్గర సరిపడా టెలిఫోను తీగ లేదు. ఆదేశాలు రేడియోలో పంపారు, చాలావాటికి కోడ్ కూడా లేదు. జర్మన్లు హాయిగా విన్నారు. రష్యా రెండో సైన్యం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 110 ఏళ్ల తర్వాత, 2024లో, ఉక్రెయిన్ యుద్ధంలో జామింగ్ తట్టుకోలేక డ్రోన్లకి సన్నటి ఫైబర్ కట్టి ఎగరేయడం మొదలైంది. తిరిగి తిరిగి మళ్లీ తీగ దగ్గరికే!

మన దగ్గరా అంతే. సెల్‌ఫోన్ల కోసం సైన్యం కొంత స్పెక్ట్రమ్ ఖాళీ చేసింది. దానికి బదులుగా సైన్యానికి విడిగా ఆప్టికల్ ఫైబర్ వేయడానికి కేంద్రం 2012లో 13,334 కోట్లు, 2018లో ఇంకో 11,330 కోట్లు ఇచ్చింది. పని బీఎస్ఎన్ఎల్‌కి అప్పగించింది. ఆ ఫైబర్‌లో వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లే, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. దుమ్ములో, చలిలో కూర్చుని రెండు కొసలు అతకాలి. నేను రాసే కోడ్‌లో తప్పొస్తే అన్‌డూ ఉంది. వాళ్లకి లేదు.

మరి మామ ఇప్పుడేం చేస్తున్నాడు? తిరుపతిలో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర టార్చిలైటు పట్టుకుని కూర్చుంటున్నాడు. ఉద్యోగానికి వెళ్లిన ప్రతిచోటా "ఎక్స్-సర్వీస్‌మనా? సెక్యూరిటీకి బాగా పనికొస్తారు" అన్నారట. ఆ మధ్య ఆ అపార్ట్‌మెంట్లో రెండు రోజులు నెట్ లేదు. వచ్చిన కుర్రాడు పెట్టెలు మార్చి మార్చి అలిసిపోయాడు. మామ పైకి చూసి "ఆ మలుపు కాడ కట్టు బిగించేసినారు, ఫైబర్ నలిగింది. వదులు చెయ్యి నాయనా" అన్నాడు. నెట్ వచ్చింది. "మన వాచ్‌మన్ గట్టోడే" అని అందరూ నవ్వుకున్నారట!

నాకు మాత్రం నవ్వు రాలేదు.

2022లో అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్ల తర్వాత 25 శాతం మందికి మించి ఉంచుకోరు. 2023 మొదట్లో శిక్షణకి వెళ్లిన తొలి బ్యాచ్‌కి నాలుగేళ్లు నిండేది 2027 మొదట్లో. అందులో మన సీమ కుర్రాళ్లూ ఉంటారు, తీగల పని నేర్చినవాళ్లూ ఉంటారు. కాగితం లేక కాదు సమస్య. డిశ్చార్జి బుక్కులో ట్రేడ్ ఏమిటో రాసే ఉంటుంది, చదివేవాడే లేడు. ఇంటింటికీ ఫైబర్ వేస్తున్న ఈ రోజుల్లో, పని తెలిసినవాణ్ణి గేటు దగ్గర కూర్చోబెట్టి, తెలియనివాణ్ణి స్తంభం ఎక్కిస్తున్నాం.

ఉద్యోగాలిచ్చే మిత్రులారా, ఈసారి మాజీ సైనికుడు వస్తే ఎత్తు, ఛాతీ చూడకండి. "అక్కడ ఏం పని చేశారు సార్?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న మామని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.