టెస్ట్ ఫెయిలైతే స్కిప్ కొట్టేయకండి!

హడూప్ లాంటి పెద్ద ఓపెన్ సోర్స్ జావా ప్రాజెక్ట్ క్లోన్ చేసి, మావెన్‌తో బిల్డ్ మొదలుపెడితే ఏదో ఒక టెస్ట్ ఫెయిలవుతుంది. వెంటనే మనలో చాలామంది 'స్కిప్ టెస్ట్స్' పెట్టేస్తాం. నేనూ అదే చేసేవాణ్ణి. ఇప్పుడు మాత్రం వద్దనే అంటాను.

ముందు జావా వెర్షన్ చూడండి. జావా 8లో నడిచిన కోడ్ 17లో పడిపోవచ్చు. 16 నుంచి జేడీకే లోపలి క్లాసుల్ని రిఫ్లెక్షన్‌తో ఊరికే తెరవనివ్వదు. తర్వాత లాగ్‌లో చివరి లైన్ కాదు, మొదటి ఎర్రర్ చదవండి. ఫెయిలైన టెస్ట్ వివరాలు టార్గెట్ ఫోల్డర్‌లోని ష్యూర్‌ఫైర్ రిపోర్ట్స్‌లో ఉంటాయి. అసలు కారణం చాలాసార్లు అట్టడుగు 'కాజ్డ్ బై' దగ్గరే దొరుకుతుంది.

ఒక టెస్ట్ నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. సర్వర్‌లో పాస్, నా ల్యాప్‌టాప్‌లో ఫెయిల్! తీరా చూస్తే, రాసినవాళ్లు టైమ్‌జోన్ యూటీసీ అనుకున్నారు. మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు. నా మెషీన్‌లో టైమ్‌జోన్ మారిస్తే పాసైంది, కానీ బగ్ అక్కడే ఉంది కదా? అందుకే టెస్ట్‌లోనే టైమ్‌జోన్ ఫిక్స్ చేసి ప్యాచ్ పంపాను. ఓపెన్ సోర్స్‌లో అదే నా మొదటి కంట్రిబ్యూషన్.

స్కిప్ కొట్టి ఉంటే అది దొరికేదే కాదు.