ఎర్రగడ్డ, మెదడు: మనం చెప్పదగినది ఎంత?

శరీర బరువులో మెదడు సుమారు 2 శాతమే. అయినా విశ్రాంతి సమయంలో శరీరం వాడుకొనే ఆక్సిజన్‌లో దాదాపు ఐదో వంతు దానికే కావాలి. అందుచేత ఆక్సీకరణ ఒత్తిడి వల్ల దానికి ముప్పు అధికం. ఉల్లిలోని క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్ ప్రయోగశాలలో పెంచిన నాడీకణాలను ఈ హాని నుండి కొంత కాపాడుతున్నట్లు పలు పరిశోధనలు చూపాయి. ఫ్రీ రాడికల్స్‌ను అణచడమే కాక, కణంలోని రక్షక ఎంజైముల ఉత్పత్తిని కూడా అది ప్రేరేపిస్తుంది.

ఇంతవరకు చెప్పడంలో దోషం లేదు. కాని రైతు సదస్సులో “ఎర్రగడ్డ తింటే మతిమరుపు రాదు” అనడం శాస్త్రం కాదు. తిన్న క్వెర్సెటిన్ పేగుల్లోను, కాలేయంలోను రూపం మారుతుంది; మెదడుకు చేరేది అత్యల్పం. పైగా ప్రయోగాల్లో కణాలకు ఇచ్చే మోతాదు సాధారణంగా భోజనానంతరం రక్తంలో కనిపించేదానికన్నా చాలా ఎక్కువ.

మనం చేయవలసిన పని వేరే ఉంది. కర్నూలు ఎర్ర ఉల్లిలో, ఎగుమతికి పేరుపొందిన కడప జిల్లా కృష్ణాపురం ఉల్లిలో క్వెర్సెటిన్ ఎంత? నీటి ఎద్దడికి అది పెరుగుతుందా, తగ్గుతుందా? ఈ పదార్థం పై పొరల్లోనే అధికం, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. వంటింట్లో మనం ముందుగా ఒలిచి పారవేసేవి ఆ పొరలే (శాస్త్రవేత్తల ఇళ్ళలోనూ ఇంతే). మార్కెట్ యార్డులో పొట్టు కుప్పలుగా వృథా అవుతోంది. ధర పడిపోయిన ఏడు గడ్డను పొలంలోనే వదిలివేసే రైతుకు మెదడు కబుర్లకన్నా ఆ పొట్టు విలువ తెలియడం అవసరం. స్నాతకోత్తర విద్యార్థులు రెండు రకాల్లోను పై పొరను, లోపలి పొరను వేర్వేరుగా, కోతనాడు ఒకసారి, నిల్వ తరువాత మరొకసారి పరీక్షించి ఆ లెక్క తేల్చవచ్చు.