సీటు కింద బిళ్లకి సెక్షన్ 78 సరిపోతుందా?

స్టాకింగ్‌పై చట్టం ఉందా అని ఇంటర్వ్యూలో అడిగితే భారతీయ న్యాయ సంహిత 78 అని టక్కున చెప్పేస్తాం. ఆ సెక్షన్‌ని ఒక్కసారి నిదానంగా చదవండి.

జస్టిస్ వర్మ కమిటీ తర్వాత 2013లో ఐపీసీలో 354డి చేరింది. 2024 జూలై 1 నుంచి దాదాపు అదే వాక్యం 78గా వచ్చింది. పదకొండేళ్లలో ఫోన్లు మారాయి, సెక్షన్ మాత్రం మారలేదు. అది చెప్పేవి రెండు నేరాలు. స్త్రీ తనకిష్టం లేదని స్పష్టం చేసినా వెంటపడి పదేపదే మాట కలపబోవడం ఒకటి, ఆమె ఇంటర్నెట్, ఈమెయిల్ వంటి ఎలక్ట్రానిక్ సమాచార వినియోగంపై నిఘా వేయడం రెండోది.

ఇప్పుడు ఖరగ్‌పూర్‌లో మన తెలుగు రైల్వే కుటుంబాలుండే మలంచానే తీసుకోండి. ఒకమ్మాయి స్కూటీ సీటు కింద ఎవడో రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద ట్రాకర్ పెట్టాడనుకుందాం. కోచింగ్‌కి ఎప్పుడెళ్లింది, స్టేషన్ దగ్గర ఎంతసేపుంది, అంతా వాడి ఫోన్‌లో కనిపిస్తుంది. వాడు మాట కలపలేదు. బిళ్ల ఉన్నట్టే ఆమెకి తెలీదు, తెలియనిదానికి అయిష్టం ఎలా చెబుతుంది? స్కూటీ పంపే సిగ్నల్ ఆమె ఈమెయిలూ కాదు. ఫోన్‌లో దొంగ యాప్ వేస్తే రెండో భాగం కింద పట్టుకోవచ్చు. బిళ్ల పెడితే మాత్రం నిందితుడి లాయరుకి పండగే. కోర్టు విశాలంగా చూస్తుందిలే అంటారా? శిక్షా చట్టాన్ని సాగదీసి చదవకూడదన్నది మనం చదువుకున్న సూత్రమే.

పెట్టింది భర్తో అన్నో అయితే "దాని రక్షణ కోసమే" అంటాడు. పరిస్థితులను బట్టి సహేతుకమైతే నేరం కాదనే మినహాయింపు 78లోనే ఉంది. పెట్టింది అత్తగారైతే అసలు సెక్షనే వర్తించదు, అందులో ఉన్నది "పురుషుడు" అనే మాట. 2023 డేటా రక్షణ చట్టమూ సొంత, ఇంటి అవసరాలకు వ్యక్తులు వాడే డేటాను వదిలేసింది.

2024 జూలై 8న ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టు, గూగుల్ మ్యాప్‌లో పిన్ వేసి దర్యాప్తు అధికారికి జాడ చెప్పాలన్న బెయిల్ షరతును కొట్టేసింది. మంచి తీర్పే. మరి మాదకద్రవ్యాల కేసు నిందితుడికి దొరికిన గోప్యత ఈ అమ్మాయికెందుకు దొరకదు? ఆర్టికల్ 21 ప్రధానంగా రాజ్యాన్ని ఆపుతుంది, పక్కింటివాణ్ణి ఆపాల్సింది పార్లమెంటే.

కంపెనీలే చూసుకుంటాయనే వాదనా ఉంది. 2024 మేలో ఆపిల్, గూగుల్ కలిసి అపరిచిత బ్లూటూత్ ట్రాకర్ల హెచ్చరికలు తెచ్చాయి, నిజమే. సొంత సిమ్‌తో నడిచే చౌక జీపీఎస్ డబ్బా ఆ హెచ్చరికకి చిక్కదు.

కావలసింది చిన్న సవరణే. అనుమతి లేకుండా ఒకరి జాడ తెలుసుకునేందుకు పరికరం పెట్టడం, వాడటం నేరం. పెట్టింది ఆడైనా మగైనా. అయిష్టం చెప్పాలన్న షరతు లేకుండా. చిన్నపిల్లల తల్లిదండ్రులకు మినహాయింపు ఇవ్వొచ్చు, పెళ్లయినంత మాత్రాన భర్తకి కాదు.

మెయిన్స్‌లో ఇది వస్తే "చట్టాలు చాలు, అమలే లోపం" అన్న అరిగిన వాక్యం రాయకండి. అలాంటి బిళ్ల నిజంగా మీకే దొరికితే విసిరేయకండి. దాని సీరియల్ నంబరు ఖాతాదారుణ్ణి పట్టించగలదు, బీఎన్ఎస్ఎస్ 173 కింద ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు.