కోసే ముందు కాన్పుల సంగతి అడగండి

మలద్వారం గురించి రాస్తున్నానని ముక్కు మూసుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. సర్వపిండి మీద రాసింది ఉంది, అది చదువుకోండి. మిగిలినవాళ్ళం మాట్లాడుకుందాం.

మా మంథని దిక్కు దొడ్డికి పోయినప్పుడు నొప్పి వచ్చినా, నెత్తురు పడినా, దురద పెట్టినా అన్నిటికీ ఒకటే పేరు: మొలలు. గోడల మీద రాతలు కూడా అవే. కానీ గాజుపెంకుతో కోసినట్టు నొప్పి లేచి, బయటికొచ్చాక గంటల తరబడి మంట పెడితే అది చాలాసార్లు మొలలు కాదు, ఫిషర్. అంటే మలద్వారం అంచున చీలిక. గట్టి మలం చీలుస్తుంది, ఆ నొప్పికి లోపలి కండరం బిగుసుకుంటుంది, బిగుసుకుంటే అక్కడికి రక్తం సరిగా అందదు, అందకపోతే చీలిక మానదు. నొప్పికి భయపడి మనం పోవడమే మానుకుంటాం. మలం ఇంకా గట్టిపడుతుంది.

ఆ లోపలి కండరాన్ని కొంత మేర కోసి సడలించడమే ఆపరేషన్. పేరు లేటరల్ ఇంటర్నల్ స్ఫింక్టరాటమీ. నూటికి తొంభై మందికి పైగా చీలిక మానిపోతుంది. నేను దానికి శత్రువును కాను. నెలల తరబడి ఏడ్చుకుంటూ బాత్రూముకు పోయేవాళ్ళకు అది ప్రాణం పోసినట్టే. నా కొట్లాట దాన్ని చెవి కుట్టినంత తేలికగా చెప్పేవాళ్ళతో.

ఆ కండరం మన మాట వినేది కాదు. మనం నిద్రపోయినా, పప్పు రుబ్బుతున్నా తన పాటికి తాను బిగబట్టి ఉంటుంది. ఊరికే ఉన్నప్పుడు మలద్వారం మూసుకుని ఉండటంలో ఎక్కువ పాలు దానిదే. కోసింది మళ్ళీ మునుపటిలా అతుక్కోదు. పాత పరిశోధనలు కలిపి 2013లో లెక్కగట్టిన ఒక సమీక్షలో, ఆపరేషన్ తర్వాత ఏళ్ళు గడిచాక చూస్తే నూటికి 14 మందికి ఏదో ఒక మేరకు పట్టు తగ్గింది. ఎక్కువమందికి గ్యాస్ ఆగదు, కొందరికి బట్టకు మరక అవుతుంది. మలమే ఆగకపోవడం అరుదు.

ఇందులో ఆడవాళ్ళ లెక్క వేరు. మన మలద్వారపు దారి మగవాళ్ళకన్నా పొట్టిది. పైగా కాన్పులు. 1993లో లండన్‌లో మొదటిసారి నార్మల్‌గా కన్న 79 మందిని స్కానింగ్ చేస్తే 28 మందికి ఆ కండరాల్లో దెబ్బ కనిపించింది. బయటికి చాలామందికి ఏమీ తెలియదు. అట్లాంటి చోట ఇంకో కోత పెడితే ఏమవుతుందో ఊహించుకోండి.

మా వదిన (తనకు చెప్పే రాస్తున్నాను) రెండు కాన్పులూ నార్మల్, మొదటిదానికి గట్టిగానే కుట్లు పడ్డాయి. ఆపరేషన్ చేసిన డాక్టరు ఆ ముక్క అడగనే లేదు. "చిన్న కోతనే అమ్మా, పది నిమిషాల పని" అన్నాడు, అన్నయ్య సంతకం పెట్టాడు. నొప్పి నిజంగానే పోయింది. గ్యాస్ మాత్రం ఆగదు. బతుకమ్మ ఆటంటే వంగుడు, లేచుడు, చప్పట్లు. రెండేళ్ళ నుంచి ఆమె అంచుకు నిలబడి చూస్తుంది. "కాళ్ళు నొస్తున్నయి" అని అందరికీ చెప్తుంది. సంతకం అన్నయ్యది, శరీరం ఆమెది. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

కోతకు ముందు చేయాల్సినవి ఉన్నాయి. పీచు, నీళ్ళు, గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోవడం. డిల్టియాజెమ్ లాంటి ఆయింట్‌మెంట్ 6-8 వారాలు. నైట్రోగ్లిజరిన్‌దైతే తలనొప్పి తెస్తుంది. బొటాక్స్ సూది కూడా ఉంది, దాని సడలింపు కొన్ని నెలలే. వీటితో మానేవాళ్ళు ఆపరేషన్‌తో మానేవాళ్ళకన్నా తక్కువే, తిరగబెట్టడమూ ఉంది. అయినా మందు ఆపితే దాని ప్రభావం పోతుంది, కోత పోదు. ఇవన్నీ చేసి విసిగాక కోతే దిక్కయితే, ఎంత మేర కోస్తారో అడగండి. కాన్పులు, కుట్లు, ఇప్పుడు గ్యాస్ ఆగుతుందా లేదా అన్నీ వాళ్ళు అడగకపోయినా మీరే చెప్పండి. "పట్టు పరీక్ష చేసి చూస్తారా?" అనండి. కసురుకుంటే ఇంకో డాక్టరు దగ్గరికి పోండి. కరీంనగర్‌లో డాక్టర్లకు కరువా?

నెత్తురు పడితే మాత్రం ఫిషరే అని మీకు మీరే తేల్చుకోకండి, ముఖ్యంగా నలభై ఐదు దాటినవాళ్ళు. పెద్దపేగు క్యాన్సర్ కూడా నెత్తురుతోనే బయటపడొచ్చు.

ఇక ఇంట్లో సంగతి. బాలింత పత్యమని ఎల్లిపాయ కారం, అన్నం పెట్టి, "నీళ్ళు తాగితే బిడ్డకు జలుబు చేస్తది" అని చెంబు దాచే పెద్దమనుషులారా, ఆ పిల్ల లోపల సగం చీలికలు మీ పుణ్యమే. పచ్చి బాలింతకు ఆకుకూర పెట్టండి, అడిగినన్ని నీళ్ళు ఇవ్వండి. అత్తమ్మ కోపానికొస్తే నా పేరు చెప్పండి, నేనొచ్చి మాట్లాడతాను.