మరలో లేదు మర్మం

సర్దిన గేరు వారం తిరక్కుండా మళ్లీ మొరాయిస్తోందంటే తప్పు స్క్రూది కాదు

శనివారం సాయంత్రం షాపులో సర్దించిన గేర్లు ఆదివారం ఉదయం ఫ్లైఓవర్ ఎక్కేసరికి మళ్లీ టకటకమంటాయి. లివర్ ఒకసారి నొక్కితే చైన్ కదలదు. రెండోసారి నొక్కితే ఒకేసారి రెండు పళ్ల చక్రాలు దాటేస్తుంది. నగరాల్లో రోడ్ బైకులు కొన్నవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన బాధే. మెకానిక్ స్క్రూడ్రైవర్ తీస్తాడు, నాలుగు తిప్పులు తిప్పుతాడు, సైకిల్‌ను స్టాండు మీద పెట్టి పెడల్ తిప్పి చూపిస్తాడు. అక్కడ అంతా సవ్యంగానే ఉంటుంది. రోడ్డెక్కిన నాలుగు రోజులకు కథ మొదటికొస్తుంది.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నిన్న సరిగా ఉన్నది ఇవాళ ఎందుకు మారింది? స్క్రూలు వాటంతటవే తిరగడం అరుదు. మారింది మరేదో. అదేమిటో పట్టుకోకుండా స్క్రూ తిప్పడమంటే, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా థర్మామీటర్‌ను విదిలించడమే.

మిల్లీమీటర్ల లెక్క

ఒకప్పుడు గేరు సైకిళ్ల లివర్లకు మెట్లు ఉండేవి కావు. చైన్ సరిగ్గా కూర్చునే దాకా రైడరే చెవితో విని, చేత్తో సర్దుకునేవాడు. జపాన్ సంస్థ షిమానో 1984లో తన డ్యూరా ఏస్ భాగాల్లో తెచ్చిన పద్ధతి దీన్ని మార్చేసింది. ఒక క్లిక్‌కు ఒక గేరు. చేతి నేర్పు స్థానంలోకి కొలత వచ్చింది. ఆ కొలత రానురాను బిగుసుకుంది. వెనక ఎనిమిది చక్రాలున్న సైకిల్లో ఒక చక్రానికీ పక్కదానికీ మధ్య దూరం 4.8 మిల్లీమీటర్లు. పది చక్రాలైతే 3.95. పదకొండైతే దాదాపు 3.7. గేర్లు పెరిగేకొద్దీ పొరపాటుకు చోటు తగ్గింది.

పని చేసే తీరు మాత్రం చాలా సులువు. లివర్ నొక్కితే వైరు లాగుతుంది, డీరైలర్ చైన్‌ను పెద్ద చక్రం వైపు నెడుతుంది. చిన్న చక్రం వైపు తిరిగి తెచ్చేది డీరైలర్‌లోని స్ప్రింగ్ మాత్రమే. వెళ్లేటప్పుడు మనిషి బలం, వచ్చేటప్పుడు స్ప్రింగ్ బలం. ఈ తేడా గుర్తుంటే సగం రోగం తెలిసినట్టే. పెద్ద చక్రాలకు బాగానే ఎక్కుతున్న చైన్ చిన్న చక్రాలకు దిగడానికి బద్ధకిస్తోందంటే, వైరు ఎక్కడో పట్టేస్తోందని మొదట అనుమానించాలి. అలాంటప్పుడు డీరైలర్ దగ్గరి అడ్జస్టర్ మరను ఎటు తిప్పినా లాభం ఉండదు. దిగడం సరిచేస్తే ఎక్కడం చెడుతుంది, ఎక్కడం సరిచేస్తే దిగడం చెడుతుంది.

వైరు ఎందుకు పట్టేస్తుంది? వానాకాలపు బురద, విశాఖ లాంటి ఊళ్లలో సముద్రపు గాలి, హ్యాండిల్ టేపు కిందికి దిగే చెమట, అన్నీ చేరేది ఔటర్ గొట్టంలోకే. డీరైలర్ దగ్గర వంపు తిరిగే చివరి ముక్క అందరికంటే ముందు తుప్పు పడుతుంది. వైరు బయట నడిచే సైకిళ్లలో పరీక్ష తేలిక. చైన్‌ను పెద్ద చక్రం మీదికి తెచ్చి, పెడల్ తిప్పకుండా లివర్‌ను కిందికి క్లిక్ చేస్తే వైరు వదులవుతుంది. ఔటర్‌ను దాని గూటిలోంచి జరిపి వైరును ముందుకూ వెనక్కూ లాగి చూడాలి. గరగర తగిలితే మార్చాల్సిందే. పాత ఔటర్‌లో కొత్త వైరు వేయడం సగం వైద్యం. బ్రేకు ఔటర్‌ను కోసి గేరుకు వేయడం అసలు వైద్యమే కాదు. బ్రేకు ఔటర్‌లో తీగ చుట్టలుగా ఉంటుంది, ఒత్తిడికి కుంచించుకుపోతుంది. గేరు ఔటర్‌లో తీగలు నిలువుగా ఉండి పొడవును నిలబెడతాయి. తారుమారుగా గేరు ఔటర్‌ను బ్రేకుకు వేస్తే అది పగిలిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

లివర్ లోపల పోగులు తెగడం మరో జబ్బు. వైరు తల దగ్గర పదునైన వంపు తిరిగేచోట సన్నటి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. రెండు రోజులకోసారి అడ్జస్టర్ తిప్పాల్సి వస్తోందంటే అది హెచ్చరిక. పూర్తిగా తెగిందంటే చైన్ అతి చిన్న చక్రం మీదికి పడిపోతుంది. ముందు రెండు చక్రాలున్న సైకిల్‌కు మిగిలేవి రెండే గేర్లు. 200 కిలోమీటర్లను 13.5 గంటల్లో, వెంట సహాయ వాహనం లేకుండా పూర్తి చేయాల్సిన బ్రెవేలో ఆ రెండు గేర్లతో గట్టెక్కడం కష్టం. తెగిన తల లివర్‌లో ఇరుక్కుంటే తీయడం ఇంకో తలనొప్పి. వైరు ఖరీదు వందల్లో, లివర్ ఖరీదు వేలల్లో.

వంగిన చెవి

వెనక డీరైలర్ వేలాడేది హ్యాంగర్ అనే చిన్న లోహపు చెవికి. నేటి ఫ్రేముల్లో చాలావాటికి అది విడి అల్యూమినియం ముక్క. కావాలనే దాన్ని మెత్తగా చేస్తారు. ఇంట్లో ఫ్యూజు కాలి మీటరును కాపాడినట్టు, దెబ్బ తగిలితే అది వంగి ఫ్రేమును కాపాడుతుంది. వంగడానికి పెద్ద ప్రమాదమేమీ అక్కర్లేదు. రైలు పార్సిల్ పెట్టెలో మీద పడ్డ మూట, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో తగిలిన స్కూటర్, కుడివైపుకు పడ్డ ఒక్క పడిక చాలు. సైకిల్ వెనక నిలబడి చూస్తే డీరైలర్‌లోని రెండు చిన్న చక్రాలు పళ్ల చక్రాలకు సమాంతరంగా, నిట్టనిలువుగా కనిపించాలి. కంటికి ఆనని వంపును కొలిచే పరికరం మంచి షాపుల్లో ఉంటుంది. ఒక చివర గేర్లు బాగుండి, రెండో చివర గోల చేస్తుంటే అనుమానం దీనిమీదే.

అసలు ప్రమాదం ఇక్కడుంది. హ్యాంగర్ లోపలికి వంగితే, ఎత్తు ఎక్కడానికి పెద్ద చక్రం వేసిన క్షణంలో డీరైలర్ స్పోకుల్లోకి దూరుతుంది. చక్రం బిగుసుకుపోతుంది, వెనక లారీ ఉండొచ్చు. హద్దు స్క్రూ బిగించి ఆ గేరు రాకుండా చేస్తే అపాయం వాయిదా పడుతుందే తప్ప వంపు పోదు. ఫ్రేమును బట్టి హ్యాంగర్ ఆకారం మారుతుంది కాబట్టి, దూరప్రయాణాలు చేసేవాళ్లు తమ ఫ్రేముకు సరిపోయేది ఒకటి సంచిలో ఉంచుకోవడం తెలివైన పని.

అరుగుదల మరో రకం. గేరు మార్చకుండానే, గట్టిగా తొక్కినప్పుడు చైన్ జారిందంటే అది సర్దుబాటు సమస్య కాదు. అరిగిన చైన్ పొడవు పెరుగుతుంది, పళ్లను కూడా తన కొలతకు అరగదీస్తుంది. పదకొండు గేర్ల చైన్ 0.5 శాతం సాగగానే మార్చాలన్నది మెకానిక్‌లు పాటించే కొలత. ఆలస్యం చేస్తే కొత్త చైన్ పాత పళ్ల మీద నిలవదు, చక్రాలూ మార్చాలి. ఒక్క లింకు బిగుసుకుంటే చప్పుడు లెక్కపెట్టినట్టు వస్తుంది, పెడల్‌ను నెమ్మదిగా వెనక్కు తిప్పితే అది దొరికిపోతుంది.

ఎలక్ట్రానిక్ గేర్లతో ఇవన్నీ పోతాయా? షిమానో డ్యూరా ఏస్ డీఐ2 పేరుతో 2009లో అవి వచ్చాక వైరు బాధ పోయింది. హ్యాంగర్ వంగడం, చైన్ అరగడం ఎక్కడికీ పోలేదు. అదనంగా చార్జింగ్ చూసుకోవాలి.

కాబట్టి వరస ముఖ్యం. ముందు హ్యాంగర్, తర్వాత వైరు, ఔటర్, ఆపైన చైన్, పళ్లు. స్క్రూ ఆఖర్న. మెకానిక్‌కు సైకిల్ అప్పగించేటప్పుడు ‘గేరు సర్దు’ అనడం కన్నా ఏ గేరులో, ఎటు మార్చినప్పుడు, ఎప్పటినుంచి, అంతకుముందు సైకిల్ ఎక్కడైనా పడిందా అన్నది చెబితే పని తొందరగా తెములుతుంది. చేతిలోకి రాగానే స్క్రూ తిప్పేసే మెకానిక్ కన్నా, తిప్పేముందు వెనక వంగి ఒక్క నిమిషం చూసే మెకానిక్ మేలు.