రైలు ఆట కొనే ముందు...

"అమ్మా, కంప్యూటర్లో రైలు నడిపే ఆట కొనవూ!" అంటూ పిల్లలు మీ కొంగు పట్టుకు తిరుగుతున్నారా? సరేననే ముందు కొన్ని సంగతులు చూసుకోండి.

ఇది రేసు ఆట కాదు. సిగ్నళ్లు గమనించాలి, వేగం హద్దు దాటకూడదు, స్టేషన్ దూరాన ఉండగానే బ్రేకు వేయాలి. ఓపిక లేని పిల్లలు రెండ్రోజుల్లో వదిలేస్తారు. కనుక ముందు ఉచితంగా దొరికే 'ఓపెన్ రైల్స్' పెట్టి చూడండి. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్ కోసం తయారైన మార్గాలు ఇందులో నడుస్తాయి. వారం దాటినా మోజు తగ్గకపోతే అప్పుడు కొనే మాట.

'ట్రెయిన్ సిమ్ వరల్డ్' కన్నులపండుగే కానీ, పాత కంప్యూటర్ దాన్ని మోయలేదు. మీ కంప్యూటర్ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు వివరాలు కాగితం మీద రాసుకుని సరిచూసుకోండి. అందులో ఎక్కువగా బ్రిటన్, జర్మనీ, అమెరికా మార్గాలే. మన గోదావరి వంతెన కోసం వెతక్కండి!

అసలు ఖర్చు తర్వాతే. కొత్త మార్గం, కొత్త ఇంజను అన్నీ విడిగా కొనాలి. చీర కంటే జాకెట్టు కుట్టుకూలి ఎక్కువైనట్టన్నమాట! అందుకే మీ కార్డు నంబరు కంప్యూటర్లో దాచి ఉంచకండి.

'స్టీమ్'లో కొంటే 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకపోతే డబ్బు వాపసు అడగొచ్చు. కాబట్టి కొన్న రోజే పిల్లల పక్కన కూర్చోండి. వీలైతే మీరూ ఓసారి నడపండి. బండిని ప్లాట్‌ఫాం దగ్గర సరిగ్గా ఆపడం, కుక్కర్ దించినంత తేలిక కాదు సుమండీ!